కొండకు చెప్పకూడని పేరు

నవంబర్ 2, ఆదివారం

మా ఆయన మింగ్‌దాకు పదహారో తేదీన సెలవు దొరికింది. బస్సు డ్రైవరుకు ఆదివారం సెలవు దొరకడమంటే మాటలు కాదు. నలుగురం బియ్యపుగంప కొండకు వెళ్తున్నాం. పొద్దున ఎక్కడం, సాయంత్రానికి ఇంటికి రావడం. దీనికోసం నేను ఆదివారం దుకాణం మూసేస్తున్నానని తెలిస్తే ఊళ్ళో టిఫిను తినే జనమంతా నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోనీ.

రెల్లు పూసే రోజుల్లో మింగ్‌దా వాళ్ళు ఏటా ఆ కొండకు వెళ్ళేవాళ్ళట. పిల్లల అమ్మ పోయాక ఈ రెండేళ్ళూ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. రాత్రి అన్నాల దగ్గర మింగ్‌దా "ఈసారి వెళ్దామా" అనగానే కాయ్‌లె కుర్చీలోంచి గెంతాడు. ఐదేళ్ళవాడు, వాడికి గెంతడానికి కారణం అక్కర్లేదు. యీరన్ మాత్రం చేపముల్లు తీసుకుంటూ, తలెత్తకుండా తమ్ముడితో అంది.

"బ్యాగు ఎవరు సర్దుతారో అడుగు."

"పిన్నీ, బ్యాగు ఎవరు సర్దుతారు?"

"నేనే సర్దుతానురా."

"పిన్నే సర్దుతుందంట."

"వినబడింది" అంది యీరన్.

నేను ఆ పిల్లకు ఎదురుగానే కూర్చున్నాను. మధ్యలో ఉన్నది ఒక చేప, ఒక ఆకుకూర గిన్నె.

వసంతంలో పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాను. ఇప్పటిదాకా యీరన్ నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. చెడ్డపిల్ల కాదు. పెట్టింది తింటుంది, తిన్న గిన్నె కడుగుతుంది, ఎనిమిదేళ్ళకే బట్టలు మడత పెట్టుకుంటుంది. పిలుపు ఒక్కటే లేదు. రోజూ బడినుంచి వచ్చి గుమ్మంలో నిలబడగానే అత్తయ్య మొదలుపెడుతుంది. "మనిషి కనపడుతోందా? పిలువు. నోరు తెరిచి పిలువు." యీరన్ "నాన్నమ్మా" అని అత్తయ్యను పిలిచి, నా పక్కనున్న గ్యాసు బండకు తల ఊపి మేడమీదికి పోతుంది. ఇంటికొచ్చిన పిల్ల పెద్దవాళ్ళను పిలవకపోతే పెంచినవాళ్ళను అంటారని అత్తయ్య బాధ. ఆ పెంచినవాళ్ళలో నేనూ ఉన్నానో లేదో నాకు తెలియదు.

నాకేం పట్టింపు లేదు. తెల్లారకముందే పెనం ముందు నిలబడి వచ్చినవాళ్ళందర్నీ "ఏం కావాలి అందగాడూ", "చెప్పు సుందరీ" అంటుంటాను. ఒక్కరి పేరూ తెలియదు. ఉల్లికాడ వద్దనేవాడు, కారం ఎక్కువ వెయ్యమనేది, అట్టు మాడ్చమనే ముసలాయన, వీళ్ళే నా జనం. పేర్లు లేకుండా బతుకు ఎంత బాగా నడుస్తుందో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

మింగ్‌దా మొదటిసారి పిల్లల్ని నా దుకాణానికి తీసుకొచ్చినప్పుడు యీరన్‌నీ అలాగే అడిగాను. "నీకేం కావాలి సుందరీ?" అని. "నా పేరు సుందరి కాదు" అంది. ఆ పిల్ల నాతో నేరుగా అన్న పెద్దమాట ఇప్పటికీ అదే.

నవంబర్ 3, సోమవారం

దుకాణానికి సెలవు. అటక మీంచి బ్యాగు దించాను. నీలం రంగుది, పెద్దది. దులిపితే అడుగున ఎండిపోయిన నారింజ తొక్క దొరికింది. పారేయబోయి, ఎందుకొచ్చిన గొడవని మళ్ళీ అందులోనే వేశాను.

నాకు కొండలు తెలియవు. మాది సముద్రం ఒడ్డున గుల్లలు ఒలుచుకు బతికే ఊరు. అక్కడ ఎత్తుగా ఉండేది ఒలిచి పారేసిన గుల్లల కుప్ప ఒక్కటే. చిన్నప్పుడు దాన్నే ఎక్కేవాళ్ళం, అరికాళ్ళు కోసుకునేవి. అందుకే ఇవాళే సర్దడం మొదలుపెట్టాను. తువ్వాళ్ళు, పట్టీలు, దోమల నూనె, కింద పరుచుకునే ప్లాస్టిక్ పట్టా, పెద్ద గొడుగు, గాజు సీసాలో ఊరగాయ.

"రెండు వారాల ముందునుంచేనా? కొండకా, కాపరానికా?" అంది అత్తయ్య.

బ్యాగును మెట్ల పక్కన పెట్టాను.

నవంబర్ 5, బుధవారం

గొడుగు బయటికి వచ్చేసింది.

నవంబర్ 6, గురువారం

ఊరగాయ సీసా కూడా వచ్చేసింది. అల్మరాలో ఎప్పుడూ ఉండే చోటే, మూత గట్టిగా బిగించి ఉంది. దాని స్థానంలో బ్యాగులో పాత వార్తాపత్రికల కట్ట ఒకటి చేరింది.

మొదట కాయ్‌లె పని అనుకున్నాను. వాడైతే సీసా మూత బిగించడు. మధ్యాహ్నం పెనం గీకుతూ ఆలోచిస్తే తట్టింది, ఇది యీరన్ పని. కొండమీద గాలికి గొడుగు ఎగిరిపోతుంది. గాజు సీసా రాళ్ళమీద పగులుతుంది. పత్రికలేమో తడిసిన బూట్లలో కుక్కడానికి. వాళ్ళ అమ్మ అలా చేసేదేమో. ఆవిణ్ణి నేను అక్క అనే అనుకుంటాను. ఫొటోముందు అగరొత్తి పెట్టేటప్పుడు అలాగే పిలుస్తాను.

సాయంత్రం బ్యాగులో నలుగురికీ ఒక్కో జత మేజోళ్ళు అదనంగా పెట్టాను. పెట్టి దూరంనుంచి చూస్తూ కూర్చున్నాను, ఎలుక కోసం బోను పెట్టినవాళ్ళలాగా.

నవంబర్ 7, శుక్రవారం

మేజోళ్ళు ఉన్నాయి. తియ్యలేదు. ఎంత సంతోషం వేసిందంటే మాడు అట్టు ముసలాయనకు గుడ్డు ఇంకొకటి ఊరికే వేసి ఇచ్చాను. "ఇవాళేమిటి విశేషం?" అన్నాడు. "మేజోళ్ళు" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. పాపం, మంచివాడు.

నవంబర్ 8, శనివారం

పిల్లలకు వానకోట్లు కొన్నాను. పసుపు రంగువి, టోపీకి బాతుముక్కు ఉన్నవి. కాయ్‌లె వేసుకుని ఇల్లంతా బాతు నడక నడిచాడు. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి చూసి, చేతిలోని గరిటె అక్కడే పెట్టేసింది.

"కొండకి పసుపు కోటా? బుద్ధుందా నీకు?"

"ఏమైంది అత్తయ్యా? పొగమంచులో దూరంనుంచి కనపడతారని."

"కనపడేది మనకే కాదు. కొండమీద పసుపు కోట్లేసుకుని తిరిగేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళు ముందు నడుస్తుంటే మనవాళ్ళేననుకుని వెనక పోతావ్, ఇంక అంతే. మీ గుల్లల ఊళ్ళో ఇదీ చెప్పలేదా?"

చెప్పలేదు. మా ఊళ్ళో చెప్పేవన్నీ నీళ్ళ సంగతులు. కోట్లు తిరిగిచ్చి నీలంవి తెచ్చాను. బాతుముక్కులు లేవు. కాయ్‌లె ఏడ్చాడు, జామకాయ ముక్క పెడితే ఊరుకున్నాడు.

ఆ తర్వాత అత్తయ్య నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది. కొండెక్కాక ఎవరినీ అసలు పేరుతో పిలవకూడదు. కొండ వింటుంది. విన్న పేరును గుర్తు పెట్టుకుని తర్వాత అదే పిలుస్తుంది. కాబట్టి బయల్దేరేముందే అందరూ దొంగపేర్లు పెట్టుకోవాలి. ఇంకొకటి, ఎవరైనా పిలిస్తే ఒక్క పిలుపుకు పలకకూడదు.

"పలక్కపోతే వెళ్ళిపోతారేమో?"

"మనుషులైతే మళ్ళీ పిలుస్తారు" అంది అత్తయ్య.

యీరన్ మెట్లమీద కూర్చుని వింటోంది. ఇవన్నీ దానికి ముందే తెలుసనుకుంటాను.

నవంబర్ 9, ఆదివారం

నాకేం పట్టింపు లేదని మళ్ళీ రాస్తున్నాను.

నవంబర్ 11, మంగళవారం

బ్యాగు పక్కజేబులో చిన్న డబ్బా కనబడింది. తెరిస్తే ఉప్పు. నిండా ఉప్పు. యీరన్ పెట్టింది.

నేను కరిగిపోయాను. నిన్న బజారునుంచి జామకాయలు తెచ్చి "ఇవి కొండకు" అని అందరి ముందూ అన్నాను కదా, అది విని వాటికోసం పెట్టిందన్నమాట. నా జామకాయలకు తన ఉప్పు. కానీ వట్టి ఉప్పుతో జామకాయ ఏం బాగుంటుంది? మనవాళ్ళెవరు తింటారు అలా? ఉప్పు తీసేసి, ఎండు రేగుపళ్ళ పుల్లపొడి సీసా పెట్టాను. ప్లాస్టిక్ సీసానే, గాజుది కాదు. నేనూ నేర్చుకుంటున్నాను.

పొడి నాకు దొరికిన వాటిలో మంచిది. చూస్తే సంతోషిస్తుంది.

నవంబర్ 13, గురువారం

ఇవాళ మింగ్‌దాకు కోపం వచ్చింది. ఆయనకు కోపం రావడం అరుదు. ట్రాఫిక్‌లో ఎవరు అడ్డొచ్చినా హారను కొట్టని మనిషి.

యీరన్ లెక్కల పుస్తకం నా ముందు పెట్టి, సంతకం చెయ్యాల్సిన చోట వేలు పెట్టి చూపించింది. మాట లేదు. మింగ్‌దా చూశాడు.

"నోరు లేదా నీకు? అడుగు. పిన్నీ, సంతకం పెట్టు అని అడుగు."

పిల్ల పెదవులు బిగించింది.

"ఒక్క మాట. అంత బరువా?"

"నాన్నా, నా దగ్గర లేదు ఆ మాట" అంది యీరన్. ఏడవలేదు. డబ్బాలో బిస్కట్లు లేవన్నట్టు చెప్పింది.

నేను గబగబా సంతకం పెట్టేసి నవ్వాను. "పోనిద్దూ, సంతకం కావాలంటే వేలు చాలు" అన్నాను. మింగ్‌దా నావైపు చూసిన చూపు నాకు నచ్చలేదు. జాలిగా చూశాడు. తర్వాత నేను సోయాపాలు కాచే గిన్నెను తోమాను. అప్పటికే తోమిన గిన్నె అది.

నిజం చెప్పాలంటే, ఒక్కసారైనా పిలిస్తే బాగుండును. ఏమని పిలిచినా సరే. పట్టింపు లేదని రాసిన కాగితాలు ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడే రాసి పెడుతున్నాను. నాకు పట్టింపు ఉంది.

నవంబర్ 15, శనివారం

రేపే. ఇవాళ పొద్దునంతా వాన పడి మధ్యాహ్నం తెరిపిచ్చింది. టీలో గుడ్లు ఉడకేశాను. అన్నం ముద్దల్లోకి ముల్లంగి ఊరగాయ, వేయించిన పిండి ముక్కలు సిద్ధం చేశాను. జామకాయలు కోసి డబ్బాలో పెట్టాను. నీళ్ళ సీసాలు, చెత్త వేసుకోవడానికి సంచులు, కాయ్‌లె కోసం ఇంకో ప్యాంటు. దుకాణం తలుపు మీద 'అందగాళ్ళూ సుందరులూ, రేపు ఇంట్లో తినండి' అని కాగితం అంటించాను.

అన్నాల దగ్గర దొంగపేర్లు పెట్టుకున్నాం. కాయ్‌లె తనకు రొయ్య అని పెట్టుకున్నాడు. మింగ్‌దా బస్సు. యీరన్ కాసేపు ఆలోచించి, ముళ్ళపంది అంది. ఎవరూ నవ్వలేదు, నేను తప్ప. నవ్వి నాలుక కరుచుకున్నాను.

"పిన్నికి?" అన్నాడు కాయ్‌లె.

"పిన్ని అనే ఉంచుదాం. అది పేరు కాదు కదా" అన్నాడు మింగ్‌దా.

యీరన్ తమ్ముడి చెవిలో ఏదో చెప్పింది. కాయ్‌లె ప్రకటించాడు. "పిన్ని అంటే పిన్నికి అసలు పేరేనంట. రోజూ నేను అదే పిలుస్తానంట కదా. కొండకి తెలిసిపోతుందంట. గుడ్డట్టు అని పెట్టాలంట."

అలా నేను గుడ్డట్టునయ్యాను. నా పేరుకోసం ఆ పిల్ల ఆలోచించింది. రేపు కొండమీద నన్ను గుడ్డట్టూ అని పిలుస్తుందేమో. పిలిస్తే పలుకుతాను. దేనికైనా పలుకుతాను.

నవంబర్ 16, ఆదివారం

దిగాం. నలుగురమూ దిగాం. రేపు రాస్తాను.

నవంబర్ 17, సోమవారం

పిల్లలు బడికి వెళ్ళారు. బూట్లలో వార్తాపత్రికలు కుక్కి ఎండలో పెట్టాను. ఇక కూర్చుని రాస్తాను.

నిన్న పొద్దున్నే బస్సెక్కాం. నడిపేవాడు మింగ్‌దా స్నేహితుడు, "ఏంట్రా, సెలవురోజు కూడా బస్సేనా" అని ఏడిపించాడు. కొండ మొదట్లో మెట్లు, తర్వాత మట్టిదారి. ముందురోజు వానకు అంతా జారుడే. బ్యాగు నేను మోస్తానంటే మింగ్‌దా ఒప్పుకోలేదు. నా చిన్న సంచిలో జామకాయలూ పుల్లపొడీ మాత్రం మిగిలాయి. యీరన్ అందరికంటే ముందు నడిచింది. ఎక్కడ రాయి కదులుతుందో, ఎక్కడ వేరు పట్టుకోవాలో దాని కాళ్ళకు గుర్తుంది. రొయ్య సగం దారి నడిచి, సగం దారి వాళ్ళ నాన్న భుజమెక్కాడు.

సగం పైన ఒక బండ ఉంది. అక్కడ కూర్చుని అన్నం ముద్దలు తిన్నాం. అప్పుడు కాయ్‌లె తన పిక్క చూపించి, "ఇదెవరు?" అన్నాడు. జలగ. నల్లగా, అప్పటికే కొంచెం ఉబ్బింది.

యీరన్ బ్యాగు పక్కజేబులో చెయ్యి పెట్టి వెతికింది. మళ్ళీ వెతికింది. వాళ్ళ నాన్నతో అంది. "ఉప్పు పెట్టా. లేదు."

నాకు అప్పుడు వెలిగింది. ఉప్పు జామకాయలకు కాదు.

"తీసేశాను" అన్నాను. "జామకాయలకని అనుకున్నా. దాని బదులు పుల్లపొడి తెచ్చాను."

మింగ్‌దా పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వీ నవ్వీ బండమీంచి జారబోయాడు. యీరన్ నవ్వలేదు. ఆ పిల్ల ముఖం చూస్తే నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. ఏటా వాళ్ళ అమ్మ పెట్టిన ఉప్పు అది. ఆవిడ పెట్టిన చోటే పిల్ల పెట్టింది. నేను తీసేశాను.

వేరే దారిలేక జలగమీద పుల్లపొడే చల్లాను. చాలా చల్లాను. అందులోనూ ఉప్పుంటుంది కదా. జలగ కాసేపు ఆలోచించి, మెలికలు తిరిగి రాలిపోయింది.

"దానికి పుల్లగా ఉందా గుడ్డట్టూ?" అన్నాడు కాయ్‌లె.

"తియ్యగా కూడా ఉంటుంది" అన్నాను.

యీరన్ ముఖం పక్కకు తిప్పుకుంది. నవ్వు వచ్చిందో, ఏడుపు వచ్చిందో నాకు కనపడలేదు.

అక్కణ్ణుంచి లేచి పైకి నడిచాం. దారికి రెండు పక్కలా రెల్లు పూసి, మనిషికంటే ఎత్తుగా ఉంది. కొంచెం దూరం పోయాక చూసుకుంటే పుల్లపొడి సీసా బండమీదే మర్చిపోయాను. మరో జలగ పడితే? ఇంకో తప్పు చెయ్యడం నావల్ల కాదు. "ఒక్క నిమిషం, వస్తా" అని వెనక్కి దిగాను. సీసా దొరికింది. తలెత్తేసరికి పొగమంచు దిగింది. ఎదురుగా ఉన్న చెట్టు కూడా లేదు. పైకి నడిచాను. దారి రెండుగా చీలిన చోట ఏది మనదో తెలియలేదు. ఇందాక చీలిక ఉన్నట్టే గుర్తు లేదు. తప్పుదారిలో పోవడంకంటే నిలబడటం మేలని నిలబడ్డాను. ఎంతసేపో చెప్పలేను. భయం వేసింది, అబద్ధం ఎందుకు.

తర్వాత గొంతులు వినిపించాయి. ఎటునుంచో తెలియలేదు, మంచులో అన్ని వైపులా ఒకేలా ఉంటుంది. "గుడ్డట్టూ" అని మింగ్‌దా. "గుడ్డట్టూ" అని కాయ్‌లె. అత్తయ్య చెప్పింది గుర్తొచ్చి ఒక్క పిలుపుకు పలకలేదు. రెండోసారికి పలికాను, కానీ నా గొంతు పైకి రాలేదు. అప్పుడు కాయ్‌లె ఏడుపు ఎత్తుకున్నాడు. "పిన్నీ! పిన్నీ!"

"నోర్ముయ్." అది యీరన్. "ఆ పేరు పిలవకు. కొండ వింటది. చెప్పానా లేదా?"

వాడు నోరు మూసుకున్నాడు.

తర్వాత యీరన్ పిలిచింది.

"అమ్మా."

నేను పలకలేదు. అత్తయ్య మాటకు భయపడి కాదు. అది నన్ను కాదని తెలుసు. రెండేళ్ళ తర్వాత ఈ కొండకొచ్చింది పిల్ల, మంచు దిగింది, భయమేసింది, వాళ్ళ అమ్మను తలుచుకుంటోంది. పిలుచుకోనీ అనుకున్నాను. ఆ పిలుపుకు మధ్యలో నేను అడ్డం వెళ్ళడమేమిటి? ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు.

"అమ్మా." ఈసారి ఇంకా గట్టిగా. "అమ్మా, పలకవేం?"

నా కళ్ళు మసకబారాయి.

"నిన్నే" అని అరిచింది యీరన్. "పుల్లపొడి తెచ్చిందానివి, నిన్నే. పలుకు."

"ఇక్కడున్నా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. "ఇక్కడే ఉన్నా తల్లీ."

"కదలకు. మాట్లాడుతూ ఉండు. ఆగకుండా మాట్లాడు."

ఏం మాట్లాడను? నోటికొచ్చింది మాట్లాడాను. అందగాడూ ఏం కావాలి, ఉల్లికాడలు వెయ్యనా, కారం ఎక్కువా తక్కువా, అట్టు మాడ్చనా, సోయాపాలు వేడిగానా చల్లగానా. రోజూ పొద్దున అనే మాటలన్నీ ఆ మంచులోకి అంటూ నిలబడ్డాను. మంచులోంచి మొదట నీలం కోటు చెయ్యి వచ్చింది. నా చేతి మణికట్టు పట్టుకుంది. పట్టుకుని లాగింది. కౌగిలించుకోవడం, కళ్ళు తుడవడం అలాంటివేమీ లేవు. ముఖం ఎర్రగా ఉంది. బాగా కోపంగా ఉంది. నాకు ఎవరూ అంత కోపంగా ఎదురు రాలేదు, ఎంత హాయిగా ఉందో ఆ కోపం.

మంచు పలచబడ్డాక పైదాకా వెళ్ళాం. రెల్లు బాగా పూసింది. చూసే ఉంటాను. నాకు గుర్తున్నది మాత్రం మణికట్టే. దిగేదాకా వదల్లేదు.

తిరుగు బస్సులో నేను కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాను. నిద్ర పోలేదు. వెనక సీట్లో ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు.

"కొండ దిగాం కదా, ఇంక పిన్ని అనొచ్చా?"

"నువ్వు అనుకో."

"గుడ్డట్టు అని ఎందుకు పిలవలేదు నువ్వు?"

"నువ్వూ నాన్నా అరిచి అరిచి ఆ పేరు కూడా కొండకి చెప్పేశారు. ఇంక అది పనికిరాదు."

"అమ్మ అని కూడా వినింది కదా కొండ."

"వింటే ఏం? ఆ పేరు గట్టిది" అంది యీరన్. "అమ్మని ఒకసారి తీసుకుపోయారు కదా. అయిపోయింది. ఒకే పేరు మీద రెండోసారి తీసుకుపోరు."

కాయ్‌లె ఒప్పుకున్నాడు. వాడు అక్క ఏం చెప్పినా ఒప్పుకుంటాడు.

నేను కళ్ళు తెరవలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల తన దగ్గరున్న వాటిలో అన్నిటికంటే గట్టిదేదో వెతికి, తీసి నాకు కప్పింది. నేను పోకూడదని. ఇంతకంటే ఎవరు ఏం ఇస్తారు ఎవరికైనా? ఈ ఇంటికి వచ్చినందుకు, ఉప్పు తీసేసిన నా తెలివితక్కువకు, దిగిన మంచుకు, అన్నిటికీ దండం పెట్టుకున్నాను. మింగ్‌దా పక్కనుంచి నా చెయ్యి నొక్కాడు. ఆయన కూడా నిద్రపోవట్లేదన్నమాట.

నవంబర్ 18, మంగళవారం

దిగాక మళ్ళీ ఏమీ పిలవలేదు. గ్యాసు బండకు తల ఊపడం మానేసి నావైపు ఊపింది. చాలు. నిజంగానే చాలు.

నవంబర్ 19, బుధవారం

బ్యాగు ఖాళీ చేసి ఉతికాను. చాలు అని రాశాను కదా, చాలదు. అయినా అడగను. అలాంటి మాటలు కొండమీద ఒకలా ఉంటాయి, ఇంట్లో ఒకలా ఉంటాయి.

నవంబర్ 20, గురువారం

ఇవాళ చంద్రుడి నెల మొదటి రోజు, పొద్దున్నే పెద్దలకు అగరొత్తులు. ఆ పని అత్తయ్యది. నేను కింద దుకాణంలో ఉంటాను. గుడ్లు అయిపోతే ఒక అట్టు పెనం మీద వదిలేసి పైకి పరుగెత్తాను. మేడమీద గుడ్ల అట్టలు పూజ అలమర పక్కనే ఉంటాయి.

అలమర ముందు యీరన్ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది, బడి బట్టల్లో. చేతిలో రెండు నాణేలు. పక్కనే అత్తయ్య కాయ్‌లెకు నేర్పుతోంది. "చూడు, ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే పోయినవాళ్ళు సరేనన్నట్టు. రెండూ బొరుసులైతే వద్దని. రెండూ బొమ్మలైతే వాళ్ళు నవ్వుతున్నట్టు, అప్పుడు మళ్ళీ అడగాలి."

యీరన్ వాళ్ళ అమ్మ ఫొటోతో మాట్లాడుతోంది. ఎవరికీ చాటుగా కాదు, మామూలుగా.

"మొన్న కొండమీద నీ పేరు ఆమెకి పెట్టా. తప్పిపోయింది కదా, అందుకని. నిన్ను అడిగే టైము లేదు. ఇంట్లో కూడా వాడుకోవచ్చా?"

నేను గుమ్మంలో నిలబడిపోయాను. వెళ్ళిపోవాలని తెలుసు. కాళ్ళు వెళ్ళలేదు.

నాణేలు వేసింది. రెండూ బొమ్మలే.

"నవ్వుతోంది" అంది అత్తయ్య.

"ఎందుకు?"

"నీ మొహం చూసి. మళ్ళీ అడుగు."

మళ్ళీ అడిగింది. మళ్ళీ రెండూ బొమ్మలే పడ్డాయి. "ఇంత నవ్వేమిటి, నాకు బడికి టైమవుతోంది" అని యీరన్ ఫొటోను కసిరింది. మూడోసారి గట్టిగా వేసింది. ఒక నాణెం అక్కడే పడి బొమ్మ చూపించింది. రెండోది గచ్చుమీద గుండ్రంగా దొర్లి దొర్లి నా వైపు వచ్చి, నా చెప్పు కిందికి దూరింది.

నేను కాలు కదపలేదు. కింద ఏముందో నాకు చూడాలని లేదు. బొమ్మయితే మళ్ళీ నవ్వు, ఇంకెన్నిసార్లు అడుగుతుంది? అత్తయ్య నన్ను చూసింది, నేను అత్తయ్యను చూశాను. యీరన్ నాణెం వెంట మోకాళ్ళ మీద పాకుతూ వచ్చింది. తలెత్తలేదు. నా పాదం మీద వేలితో తట్టింది.

"అమ్మా, కాలు తియ్యి."

తీశాను.

యీరన్ వంగి చూసి, "బొరుసు" అంది. "సరేనంట." నాణేలు రెండూ అత్తయ్య చేతిలో పెట్టి, బడి సంచి భుజాన వేసుకుని, నా పక్కనుంచే మెట్లు దిగి పోయింది. అత్తయ్య చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకుంటోంది. కిందినుంచి ఎవరో అరుస్తున్నారు, పెనం మీద అట్టు మాడుతోందని.

మాడనీ.